పిడి కింద పేరు

జపాన్ కత్తి మీద దాన్ని చేసిన కమ్మరి సంతకం ఉంటుంది. కానీ కత్తి పట్టుకున్నవాడికి కూడా అది కనపడదు. పిడిలోకి దూరి ఉండే భాగం మీద కమ్మరి ఉలితో తన పేరు చెక్కుతాడు, ఒక్కోసారి ఊరూ తేదీ కూడా. అది చూడాలంటే పిడికి బిగించిన వెదురు మేకు ఊడదీసి, పిడిని మెల్లగా లాగాలి. ఆ దాగి ఉన్న భాగాన్ని నకాగో అంటారు. సంతకాన్ని మెయ్ అంటారు. మళ్ళీ మేకు బిగించగానే ఆ పేరు చీకట్లోకి వెళ్ళిపోతుంది.

ఇంత గుట్టుగా దాచిన పేరు చుట్టూ శతాబ్దాలుగా ఒక పాండిత్యం, ఒక వ్యాపారం, ఒక మోసం పక్కపక్కనే పెరిగాయి. పాత జపాన్ కత్తులు సేకరించేవాళ్ళకి రోజూ ఎదురయ్యే మాట ఒకటుంది: గిమెయ్. అంటే దొంగ సంతకం. కత్తి మంచిదే. ఇనుము నిజం, పనితనం నిజం, వయసూ నిజం. పేరొక్కటే అబద్ధం. అలాంటి కత్తి చేతిలోకి వస్తే ఏం చేయాలి? ఆ అబద్ధాన్ని చెరిపెయ్యాలా, ఉండనివ్వాలా?

చూడ్డానికి ఇది కొద్దిమంది డబ్బున్నవాళ్ళ సరదాకి సంబంధించిన చిన్న ప్రశ్నలా ఉంటుంది. నాకు మాత్రం, గతాన్ని మనం ఏ హక్కుతో సరిదిద్దుతాం అనే పెద్ద ప్రశ్న ఇందులో ఒక ఇనుప ముక్క మీదకి దిగి వచ్చినట్టు అనిపిస్తుంది.

పేరు లేకుండా కత్తిని గుర్తుపట్టడం ఎలాగో ముందు చూడాలి. ఈ విద్యని కాంతెయ్ అంటారు. దీనికోసం జరిగే సమావేశాల్లో కత్తుల నకాగోలని కప్పేసి, సంతకం కనపడకుండా పెడతారు. వచ్చినవాళ్ళు ముందు కత్తికి వంగి నమస్కరిస్తారు. చేతిలో ఉన్నంతసేపూ మాట్లాడరు, నోటి తడి తగిలితే ఇనుముకి తుప్పు పడుతుంది కాబట్టి. మొదట ఆకారం చూస్తారు: గుర్రం మీంచి వాడే రోజుల కత్తికి ఉన్న వంపు, తర్వాతి కాలపు కత్తికి ఉండదు. తర్వాత ఇనుము చూస్తారు: మడిచి మడిచి సాగగొట్టడం వల్ల చెక్కలో కనిపించే చారల్లాంటివి లోహంలో పడతాయి, అవి ప్రాంతాన్ని బట్టీ గురువుని బట్టీ మారతాయి. ఆఖరికి హామోన్ చూస్తారు. కమ్మరి కత్తికి మట్టి పూత పూసి, అంచు దగ్గర పల్చగా, వెన్ను వైపు మందంగా ఉంచి, కాల్చి నీళ్ళలో ముంచుతాడు. త్వరగా చల్లారిన అంచు గట్టిపడుతుంది, మిగతాది మెత్తగా ఉండిపోతుంది. ఆ రెంటికీ మధ్య పాలనురుగు లాంటి తెల్లటి గీత ఏర్పడుతుంది. అదే హామోన్. కొందరిది తిన్నగా ఉంటుంది, కొందరిది అలల్లా ఉంటుంది, కొందరిది లవంగపు మొగ్గల వరసలా ఉంటుంది.

ఇవన్నీ చూసి ఎవరికి తోచిన పేరు వాళ్ళు కాగితం మీద రాసి ఇస్తారు. సరిగ్గా చెబితే ‘అతారి’, అంటే తగిలింది అని. అదే కమ్మరి కాకుండా అతని గురువు పేరో, శిష్యుడి పేరో, అదే ఇంటి పనివాడి పేరో రాస్తే ‘దోజెన్’ అంటారు. సరిగ్గా చెప్పినట్టే లెక్క అని. ఈ దోజెన్ అనే మాట నాకు చాలా ఇష్టం. కత్తి వైపు నుంచి చూస్తే పేరుకి ఉన్న అసలు కొలత ఇదే కదా. లోహం ఒక మనిషి దాకా తీసుకెళ్ళకపోవచ్చు. ఒక కొలిమి దాకా, ఒక వీధి దాకా, ఒక తరం దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత మిగిలిన అడుగు మనది.

మంచి కత్తుల్లో చాలావాటికి అసలు సంతకమే లేదు. ఒకప్పుడు ఉండి, పోయింది. యుద్ధాల తీరు మారి పొడుగు కత్తులు అవసరం లేనప్పుడు వాటిని పొట్టి చేశారు. పొట్టి చెయ్యడమంటే మొన నరకడం కాదు. మొన దగ్గరే కమ్మరి గొప్పతనం ఉంటుంది. అందుకని కింద నకాగో వైపు కోస్తారు. దాంతోపాటే పేరూ పోతుంది. కొందరు యజమానులు మనసొప్పక, సంతకం ఉన్న ముక్కని పల్చగా తీసి కొత్త నకాగోలో పొదిగించారు, లేదా దాన్ని మడిచి అవతలి వైపుకి తిప్పి ఉంచారు. మరికొందరికి ఆ బాధ లేదు.

ఓడా నోబునాగా సంగతే చూడండి. 1560లో ఓకెహజామా దగ్గర తనకంటే చాలా పెద్ద సైన్యంతో వచ్చిన ఇమగావా యొషిమొతోని చంపి, అతని కత్తి తీసుకున్నాడు. దాన్ని పొట్టి చేయించి, నకాగో మీద బంగారంతో రెండు మాటలు పొదిగించాడు. ఒక వైపు తేదీ వేసి, యొషిమొతోని చంపిననాడు అతని దగ్గరున్న కత్తి ఇదని. ఇంకోవైపు తన పేరు. చేసినవాడి పేరు పోయి గెలిచినవాడి పేరు వచ్చింది. ఆ కత్తి తర్వాత హిదెయోషి వంశానికీ, అక్కణ్ణుంచి తోకుగావాల దగ్గరికీ చేరింది. 1657లో ఎదో నగరాన్ని కాల్చేసిన అగ్నిప్రమాదంలో అదీ కాలింది. కాలితే కత్తికి పదును పోతుంది, హామోన్ మాయమవుతుంది. మళ్ళీ కొలిమిలో పెట్టి పదును పట్టించారు. ఇవాళ అది క్యోతోలో నోబునాగాని కొలిచే కెంకున్ గుడికి చెందిన ఆస్తి, ప్రభుత్వం గుర్తించిన సాంస్కృతిక సంపద. చేసినవాడి సంతకం లేదు, చేసిననాటి పొడుగు లేదు, చేసిననాటి హామోన్ లేదు. అయినా దాన్ని ఎవరూ నకిలీ అనరు. దానికి జరిగినవన్నీ దాని మీదే ఉన్నాయి కాబట్టి.

పేరు పోయిన కత్తులకి పేరు పెట్టే పని హోనామి వంశం చేసింది. తరతరాలుగా కత్తులకి సాన పట్టడం, వెల కట్టడం వాళ్ళ వృత్తి. ఈ కత్తి ఫలానా వాడిదని మడిచిన కాగితం మీద రాసి, వెల బంగారు నాణేల్లో వేసి ఇచ్చేవారు. ఆ మడత కాగితమే ఒరిగామి. ఇప్పటికీ జపనీస్‌లో ఒరిగామి ఉన్నదంటే నమ్మకమైనది అని అర్థం. ప్రభువులు ఒకరికొకరు కత్తులు కానుకలుగా ఇచ్చుకునే కాలంలో ఆ కాగితం కత్తి ఎంత ముఖ్యమో అంత ముఖ్యమైంది. ఎక్కడ పేరుకి అంత ధర ఉంటుందో అక్కడ పేరుని తయారుచేసేవాళ్ళు కూడా ఉంటారు. తర్వాతి తరాల హోనామి కాగితాలని ఇవాళ్టి సేకర్తలు అంత తేలిగ్గా నమ్మరు.

అందరికంటే ఎక్కువ దొంగ సంతకాలు పడిన పేర్లలో ఒకటి కొతెత్సు. పదిహేడో శతాబ్దంలో, కవచాలు చేసుకునే మనిషి, నడివయసులో ఎదోకి వచ్చి కత్తులు చెయ్యడం మొదలుపెట్టాడు. బతికుండగానే గొప్ప పేరు వచ్చింది. ఎంత పేరంటే, కొతెత్సు కనపడితే దొంగదనుకో అని సేకర్తల్లో ఒక సామెత పుట్టింది. షిన్‌సెన్‌గుమి దళనాయకుడు కొందో ఇసామి 1864లో క్యోతోలోని ఇకెదాయా సత్రం మీద దాడి చేసినప్పుడు వాడింది కొతెత్సు కత్తేనని అతని నమ్మకం. మిగతావాళ్ళ కత్తులు విరిగాయనీ, తనది కొతెత్సు కాబట్టేనేమో దెబ్బ తినలేదనీ ఇంటికి ఉత్తరం రాశాడు. అతని దగ్గరున్నది దొంగ సంతకం కత్తి అనీ, అసలు చేసింది కియొమారో అనీ జనంలో ఒక కథ వాడుకలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా అది అడిగే ప్రశ్న నిజమైనది. ఆ రాత్రి సత్రంలో తెగింది పేరు వల్ల కాదు కదా. మరి ఆ పేరు మీద అతని నమ్మకం ఏం పని చేసినట్టు?

ఇక్కడ ఒక చిక్కుంది. తన పేరు కానిది చెక్కిన ప్రతివాడూ దొంగ కాదు. గురువుకి వయసు మీరినప్పుడు, జబ్బుపడినప్పుడు శిష్యుడే కత్తి చేసి, గురువు అనుమతితో గురువు పేరే చెక్కడం ఆచారం. ఒసాకాలో మొదటి కునిసాదా చివరి రోజుల్లో అతని కొడుకు అలాగే చేశాడు. ఆ కొడుకే తర్వాత ఇనోఉఎ షింకాయ్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఆ కత్తుల మీది సంతకాలని ఎవరూ అబద్ధం అనరు. చెక్కిన చెయ్యి వేరు, పేరు వేరు, అయినా నిజమే. అంటే సంతకం నిజమా కాదా అన్నది చేతి మీద ఆధారపడలేదు. అనుమతి మీద, ఆ ఇద్దరి మధ్య ఉన్న నమ్మకం మీద ఆధారపడింది. దొంగ సంతకంలో లేనిది అదే.

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం.

జపాన్‌లో 1948లో ఏర్పడిన కళాఖడ్గ పరిరక్షణ సంఘం ఉంది. పొడి అక్షరాల్లో ఎన్.బి.టి.హెచ్.కె. అంటారు. ఇవాళ ప్రపంచమంతటా సేకర్తలు వెల కట్టేది ఈ సంఘం ఇచ్చే పత్రాన్ని చూసి. సంతకం దొంగదని తేలితే వాళ్ళు పత్రం ఇవ్వరు. అదే కత్తికి సంతకం లేకపోతే, పనితనం చూసి, ఫలానా గురువు బాణీదని రాసి ఇవ్వొచ్చు. కాబట్టి చాలామంది సేకర్తలు చేసే పని ఒకటే. ఆకురాయితో, ఉలితో ఆ దొంగ పేరుని తీసేయిస్తారు. కొత్తగా బయటపడ్డ లోహానికి పాత తుప్పు రంగు పట్టిస్తారు. మళ్ళీ పంపిస్తారు. నిన్నటిదాకా తలదించుకున్న కత్తి ఇవాళ పత్రంతో, మంచి ధరతో తిరిగొస్తుంది.

తీసేయాలనేవాళ్ళ వాదన బలమైనదే. దొంగ సంతకం ఇద్దరిని దోచింది. ఎవరి పేరు వాడుకున్నారో అతన్నీ, ఎవరి పని మీద ఆ పేరు కప్పారో అతన్నీ. రెండోవాడికి జరిగిన అన్యాయం ఎక్కువ. బాగా పని తెలిసిన ఒక మామూలు కమ్మరి, ఊరూ పేరూ లేనివాడు, తన కత్తి మీదే లేకుండా పోయాడు. పైగా ఆ అబద్ధం ఇంకా పని చేస్తూనే ఉంది. ఈ యజమాని నిజాయితీపరుడే కావచ్చు, రేపు కొనేవాడు కాకపోవచ్చు. మోసానికి పనికొచ్చే వస్తువుని అలాగే ఉంచడం ఏం ధర్మం? యానాగి మునెయోషి లాంటి ఆలోచనాపరుడు సంతకం లేని చేతిపనిలోనే అసలు అందం ఉందని జీవితమంతా చెప్పాడు. ఆ లెక్కన చూస్తే పేరు తీసేయడం కత్తిని విడిపించడమే కదా.

ఈ వాదన విన్నప్పుడు ఒప్పుకోవాలనే అనిపిస్తుంది. కానీ రెండు విషయాలు నన్ను ఆపుతాయి.

మొదటిది, తిరిగి రాకపోవడం. మనకీ ఇలాంటి గొడవ ఒకటుంది. వేమన మకుటం తగిలించిన పద్యాలన్నీ వేమనవేనని ఎవరూ అనరు. బ్రౌన్ దొర 1829లో వాటిని అచ్చువేసిన తర్వాత కూడా ఏవి అసలువి, ఏవి చేర్పులు అన్న చర్చ ఆగలేదు. పరిష్కర్త ఒక పద్యం తీసేసినా పాత ప్రతులు గ్రంథాలయంలో ఉంటాయి. అతను పొరబడ్డాడని తేలితే ఇంకొకరు మళ్ళీ చేర్చుకోవచ్చు. కత్తికి ఆ వెసులుబాటు లేదు. ఉన్నదే ఒక్క ప్రతి. ఆకురాయి నడిచిన చోట రెండో ఆలోచనకి తావులేదు. మరి నిర్ణయించేవాళ్ళు ఎప్పుడూ మారని మాట చెబుతారా అంటే, లేదు. ఆ సంఘమే అంతకుముందు ఇస్తూ వచ్చిన పత్రాల మీద నమ్మకం సడలిపోవడంతో 1982లో పద్ధతంతా మార్చి కొత్త వర్గాలు పెట్టింది. పాత పత్రం ఉన్న కత్తుల్ని ఇవాళ మళ్ళీ పరీక్షకి పంపిస్తే కొన్ని నెగ్గవు. అభిప్రాయం మారొచ్చు. మారే అభిప్రాయం కోసం మారని పని చేయడం ఎందుకు?

దొంగ సంతకం కూడా ఒక చరిత్రే. దాని ఉలి దెబ్బల వాలు, అందులో పట్టిన తుప్పు రంగు, ఏ కాలంలో ఏ పేరుకి గిరాకీ ఉందో చెబుతాయి. ఎదో కాలం చివర్లో కజిహేయ్ అని ఒకడుండేవాడు. స్వయంగా మంచి కమ్మరి, పెద్ద గురువు దగ్గర నేర్చుకున్నవాడు. ఎవరి సంతకమైనా చెక్కగలడు. అతని చేతివాటం ఎలాంటిదో తెలిసింది కాబట్టే ఇవాళ అతని దొంగతనాలని పట్టుకోగలుగుతున్నారు. దొరికిన దొంగ సంతకాలన్నీ ఎప్పటికప్పుడు చెరిపేసి ఉంటే, అసలు సంతకాన్ని గుర్తుపట్టే కన్ను కూడా మనకి ఉండేది కాదు. 1968లో నెల్సన్ గుడ్‌మన్ అనే అమెరికన్ తత్వవేత్త నకిలీ బొమ్మల గురించి రాస్తూ చెప్పింది ఇలాంటిదే. రెంటికీ తేడా ఇవాళ నా కంటికి కనపడకపోవచ్చు, కానీ తేడా ఉందని తెలియడం వల్లే రేపు చూడడం నేర్చుకుంటాను అని ఆయన వాదన. నేర్చుకోవాలంటే రెండూ ఉండాలి.

రెండో విషయం ఇంతకంటే బరువైనది.

కొతెత్సు కత్తుల్లో కొన్నిటి నకాగో మీద అతని సంతకం కాక, అవతలి వైపు బంగారంతో పొదిగిన ఇంకో రాత ఉంటుంది. యమానో కఎమోన్ అనే పరీక్షకుడి పేరు, తేదీ, ఒక లెక్క. రెండు మొండేలు నరికింది అని. కొత్త కత్తి ఎంత బాగా తెగుతుందో చూడడానికి, మరణశిక్ష పడ్డ నేరస్థుల శవాలని ఒకదాని మీద ఒకటి పేర్చి నరికేవాళ్ళు. ఆ పని చేసే వంశాలు ఉండేవి. తర్వాత యమాదా అసాఎమోన్ అనే పేరుతో ఒక వంశం మెయిజీ కాలం దాకా తరతరాలుగా అదే పని చేసింది. ఈ బంగారు రాత ఉంటే కత్తి ధర పెరుగుతుంది. ఎంతగా పెరుగుతుందంటే, ఆ రాతకి కూడా నకిలీలు పుట్టాయి. నరకని మొండేలని నరికినట్టు బంగారంతో రాయించారు.

ఆ ఇనుము మీద ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. చేసినవాడి పేరు ఉంది. నరికినవాడి పేరు ఉంది. తేదీ ఉంది. నోబునాగా కత్తి మీదైతే గెలిచినవాడి పేరూ, ఓడినవాడి పేరూ కూడా ఉన్నాయి, ఎందుకంటే ఓడినవాడూ ప్రభువే. ఇక్కడ కత్తి కింద పడ్డవాళ్ళకి అంకె తప్ప ఏమీ లేదు. రెండు. ఒక్కోసారి మూడు.

నాకు తెలిసి ఈ రాతని ఎవరూ చెరిపించరు. చెరిపించాలని నేనూ అనడం లేదు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి దాగదు. దొంగ పేరుని సత్యం కోసం తీసేస్తున్నామని సేకర్త అంటాడు. బాగానే ఉంది. సత్యం మీద అంత పట్టింపు ఉంటే, దొంగ సంతకానికి కలిగిన చిరాకు బంగారు రాత దగ్గర ఎందుకు కలగదు? జవాబు చేదుగా ఉంటుంది. ఒకటి ధర తగ్గిస్తుంది, ఇంకోటి పెంచుతుంది. ఆకురాయి కదిలేది అబద్ధం ఉన్న చోటికల్లా కాదు, నష్టం ఉన్న చోటికి. దాన్ని శుద్ధి అని పిలిస్తే అదింకో దొంగ సంతకం.

కత్తిని కళగా చూడకూడదని కొందరంటారు. చంపడానికి చేసిన వస్తువులో అందం వెతకడమే తప్పని. నేను అంత దూరం వెళ్ళను. ఆ పాలనురుగు గీతలో ఉన్న ఓర్పు, చెయ్యి తిరిగినతనం నిజం. కానీ ఆ అందాన్ని చూసే హక్కు ఒక షరతు మీద వస్తుందనుకుంటాను. చూసేవాడు కత్తికి జరిగినదంతా చూడాలి, తనకి అనుకూలమైనది మాత్రమే కాదు. కోసిన పొడుగు, కాలిన హామోన్, మొండేల లెక్క, దొంగ పేరు, అన్నీ. శుభ్రంగా కడిగిన వస్తువుని ప్రేమించడం సులువు. అలా కడిగేసి మనం ప్రేమిస్తున్నది ఆ వస్తువుని కాదు, మన అభిరుచిని.

మరి రేపు మోసపోయేవాడి సంగతేమిటి? ఆ అభ్యంతరానికి జవాబు లేకపోలేదు. కత్తి ఒకరి దగ్గర వందేళ్ళు ఉండదు. చేతులు మారుతుంది. దాన్ని సేకరించడమంటే సొంతం చేసుకోవడం కన్నా, కొన్నాళ్ళు కాపలా కాయడం. కాపలాదారు బాధ్యత చెరపడం కాదు, చెప్పడం. ఈ సంతకం దొంగదని, ఎందుకు దొంగదో, ఎవరు తేల్చారో, ఏ సంవత్సరంలోనో, కాగితం మీద రాసి కత్తితోపాటు ఒప్పజెప్పాలి. ధర తగ్గుతుంది. తగ్గనీ. ఆ తగ్గిన మేరకే అతను సత్యం కోసం నిజంగా ఏదైనా ఇచ్చినట్టు. సంఘాలు కూడా సంతకం దొంగదనే పత్రంలో రాసి, కత్తి మాత్రం మంచిదని ఒప్పుకునే వీలు కల్పిస్తే, ఆకురాయిలకి ఇంత పని ఉండదు.

కాగితం పారేయొచ్చు కదా అంటారు. నిజమే, పారేస్తారు. అబద్ధం చెప్పాలనుకున్నవాడికి ఎప్పుడూ ఒక దారి ఉంటుంది. కానీ కాగితం పోయినా ఇనుము ఉంటుంది. దాని మీద ఆ తప్పుడు పేరూ, ఆ ఉలి గాట్ల వాలూ, లోపల వేరే రంగులో పట్టిన తుప్పూ ఉంటాయి. ఎప్పుడో ఒకప్పుడు చూడ్డం వచ్చిన ఎవరో ఒకరు మేకు ఊడదీసి, పిడి లాగి, అబద్ధాన్ని మళ్ళీ పట్టుకుంటారు. చెరిపేసిన చోట పట్టుకోడానికి ఏమీ మిగలదు.